అట్టపెట్టెలో కిరాణా దుకాణం



ఇంటికి కొత్తగా ఒక కూలరో, మిక్సీయో వచ్చిన రోజున అందరి ఇళ్ళలోనూ జరిగే విచిత్రం ఒకటున్నది. పెద్దలందరూ వస్తువు చుట్టూ చేరుతారు. నాలుగేళ్ళ పిల్లవాడు మాత్రం అది వచ్చిన పెట్టెలోకి దూరుతాడు. మనం దానిని అల్లరి అంటాము. ఆటలను గురించి ఆలోచించినవారు అలా అనలేదు. అమెరికాలో, న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్ నగరంలో ఆటవస్తువుల కొరకే ఒక ప్రదర్శనశాల ఉన్నది. తరతరాల పిల్లలను అలరించిన బొమ్మలకు అక్కడ గౌరవ స్థానం కల్పిస్తారు. పెద్ద పెద్ద కంపెనీల బొమ్మల నడుమ 2005లో వట్టి అట్టపెట్టెకు, 2008లో వట్టి కర్రపుల్లకు ఆ గౌరవం దక్కింది.

మన పెద్దలకు ఇది వింత వార్త కాదు. గుజ్జనగూళ్ళు, బొమ్మల పెళ్ళిళ్ళు, తాటిముంజెకాయల బండ్లు, జొన్నబెండుతో చేసిన ఎడ్లబండ్లు, రెండు అగ్గిపెట్టెలకు దారం కట్టి మాట్లాడుకునే టెలిఫోన్లు - వీటిలో ఏ ఒక్కటీ అంగడిలో కొన్నది కాదు. మన ఇళ్ళలో ఆడపిల్లలు చిన్న చిన్న గిన్నెలతో ఆడుకునే వంట ఆటను ‘హండ్‌కుల్యా’ అని పిలుచుకునేవారు. ఏటికొప్పాక లక్కపిడతలు దొరికిన ఇంట్లో లక్కపిడతలు, దొరకని ఇంట్లో కొబ్బరి చిప్పలు. ఆట మాత్రం ఒక్కటే.

ఈ శీర్షికకు తల్లుల నుండి తరచుగా వచ్చే ఫిర్యాదులు రెండు. ఫోను చేతికివ్వనిదే పిల్లవాడు ముద్ద మింగడం లేదన్నది మొదటిది. ఎన్ని బొమ్మలు కొనిపెట్టినా వారం తిరగకముందే విసిరేస్తున్నాడన్నది రెండవది. ఈ రెండింటికీ మూలం ఒక్కటేనని నా అభిప్రాయం. పిల్లవానికి బొమ్మలు తక్కువై కాదు. అతడు చేయవలసిన పనిని కూడా తామే చేసేసే బొమ్మలు ఎక్కువై ఈ చిక్కు వచ్చింది. మీట నొక్కగానే తానే కూసి, తానే పరుగెత్తి, తానే దీపాలు వెలిగించుకునే కారు ముందు పిల్లవాడు ప్రేక్షకుడు. ఫోను ముందు కూడా ప్రేక్షకుడే. రష్యా దేశపు మనస్తత్వ శాస్త్రవేత్త లెవ్ వైగోట్‌స్కీ (1896-1934) పిల్లల ఆటను గురించి చెబుతూ కర్రను గుర్రంగా చేసుకున్న పిల్లవాణ్ణి ఉదాహరణగా తీసుకున్నారు. కళ్ళకు కనిపించేది కర్ర, మనస్సులో పరుగెత్తేది గుర్రం. కనిపించే వస్తువు నుండి దాని భావాన్ని విడదీసి వేరొక వస్తువు మీద ఉంచడం పసి మనస్సు చేసే గొప్ప పని అని ఆయన వివరించారు. ఆలోచిస్తే మన అక్షరాభ్యాసం కూడా ఇటువంటిదే. అలిఫ్ ఒక నిలువు గీత. ఆ గీత ఒక శబ్దానికి గుర్తు అని నమ్మగలిగినప్పుడే పిల్లవాడు చదువరి అవుతాడు. మూడు పదుల సంవత్సరాలుగా ఖాయిదా చెబుతున్నవాణ్ణి గనుక ఒక మాట చెప్పగలను: పుల్లను గుర్రం చేసుకోగలిగిన పిల్లలకు అలిఫ్ నేర్పడంలో నేను ఎన్నడూ శ్రమపడలేదు.

బొమ్మల ప్రస్తావన వచ్చినప్పుడు మన సోదరీమణులు తప్పక అడిగే ప్రశ్న ఒకటున్నది కాబట్టి రెండు హదీసులను ఇక్కడ గుర్తు చేస్తాను. హజ్రత్ ఆయిషా (రజి) గారి బొమ్మల మధ్య రెండు రెక్కల గుర్రం ఒకటి ఉండేదని అబూ దావూద్ సంకలనంలో ఉన్నది. గాలికి తెర తొలగినప్పుడు దైవప్రవక్త (స) దానిని చూసి అదేమిటని అడిగారు. గుర్రమని ఆమె చెప్పారు. గుర్రానికి రెక్కలేమిటని మళ్ళీ అడిగారు. సులైమాన్ (అ) గారికి రెక్కల గుర్రాలు ఉండేవన్న సంగతి మీరు వినలేదా అని ఆమె ఎదురు ప్రశ్న వేశారు. ఆ సమాధానానికి ఆయన (స) దంతాలు కనిపించేలా నవ్వారు. ఇందులో నేటి తల్లిదండ్రులు గమనించవలసినవి రెండున్నాయి. ఆ గుర్రపు రెక్కలు గుడ్డపీలికలతో చేసినవి. అనగా చేతికందిన ముక్కలతో ఇంట్లో తయారైన బొమ్మ. ఇక ఆయన (స) అడిగిన తీరు. ఏమిటది అని అడిగారు, జవాబు విన్నారు, నవ్వారు. గుర్రానికి రెక్కలుండవని పాఠం చెప్పలేదు.

రెండవ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలలో ఉన్నది. ఆషూరా ఉపవాసం నాడు మదీనా తల్లులు పసిపిల్లలకు ఉన్నితో ఆటబొమ్మలు చేసి ఉంచేవారని, ఆకలికి ఏడ్చిన బిడ్డకు ఆ బొమ్మనిచ్చి ఇఫ్తార్ వేళ వరకు మరపించేవారని హజ్రత్ రుబయ్యి (రజి) తెలియజేశారు. నేటి తల్లి అదే అవసరానికి ఫోను ఇస్తున్నది.

ప్రాణుల బొమ్మల విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయ భేదం ఉన్నమాట నిజం. అధిక సంఖ్యాకులైన ధర్మవేత్తలు పై హదీసుల ఆధారంగా పిల్లల ఆటబొమ్మలకు అనుమతి ఇచ్చారు. మరికొందరు కట్టుదిట్టంగా ఉన్నారు. ముఖం లేకుండా గుడ్డబొమ్మలు కుట్టే కుటుంబాలు కూడా ఉన్నాయి. ఎవరి అభ్యాసం వారిది. దుకాణానికి, పొయ్యికి, ఆటోకు ముఖం ఉండదు గనుక ఈ వ్యాసం వరకు ఆ చర్చ అవసరం రాదు.

ఇక పనిలోకి దిగుదాము. అన్నింటికంటే ముందు దుకాణం చేయండి. వంట ఆట ఒకరితో కూడా సాగుతుంది. దుకాణం సాగాలంటే ఇద్దరు కావాలి, బేరం కావాలి, లెక్క కావాలి. మగపిల్లలకు ఒక ఆట, ఆడపిల్లలకు ఒక ఆట అన్న పేచీ కూడా ఇక్కడ రాదు.

మిక్సీ పెట్టె పరిమాణంలో ఉన్న అట్టపెట్టె ఒకటి తీసుకోండి. పిన్నులు ఉన్నవేమో వేళ్ళతో తడిమి చూసి లాగివేయండి. అట్ట అంచును దగ్గరగా చూస్తే రెండు చదునైన కాగితాల నడుమ అలలు అలలుగా మరొక కాగితం కనిపిస్తుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లండులో ఈ అలల కాగితాన్ని మొదట ఎత్తైన టోపీల లోపల పెట్టుకోవడానికి తయారుచేశారు. సామాను పెట్టెలకు వచ్చింది తరువాతనే. ఈ అలలు ఏ దిక్కుగా ఉన్నాయో చూడటంలోనే పని అంతా ఉన్నది. అలల వెంబడి మడిస్తే అట్ట తేలికగా వంగుతుంది. అలలకు అడ్డంగా మడిస్తే మొండికేసి ఎక్కడబడితే అక్కడ నలుగుతుంది. అటువంటి చోట ముందుగా స్కేలు ఆనించి, సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో గాని చెంచా కాడతో గాని గట్టిగా గీత నొక్కి, ఆ గీత మీద మడవాలి. బరువు మోయవలసిన గోడలలో అలలు నిలువుగా ఉండాలి. అడ్డంగా ఉంటే నాలుగు రోజులకే గోడ కుంగుతుంది.

పెట్టెను నిలబెట్టి, ముందు భాగంలో నడుము ఎత్తున కిటికీలా మూడు వైపుల కోయండి. నాలుగో వైపును, అంటే కింది అంచును కోయకుండా బయటికి వంచితే అదే గల్లా బల్ల. కోత మొత్తం పెద్దల పని. కత్తి పిల్లల చేతికి ఇవ్వరాదు. లోపల అరలకు చెప్పుల డబ్బాలు ఒకదానిపై ఒకటి అంటించితే చాలు. అంటించడానికి ఫెవికాల్ డబ్బా ఖర్చు చేయనక్కరలేదు. ఒక కప్పు మైదాను ఒక కప్పు చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న మూడు కప్పుల నీటిలో పోస్తూ, సన్నని మంట మీద కలియబెట్టండి. తెల్లదనం పోయి గాజులా మెరిసినప్పుడు దించాలి. రెండు మూడు రోజులు నిలుస్తుంది. పుల్లని వాసన వస్తే పారవేయండి. పుస్తకాలు బైండు చేసేవారు పురుగు పట్టకుండా ఇందులో మైలతుత్తం కలుపుతారు. అది విషం. పిల్లల బొమ్మలకు వాడే జిగురులో దానిని కలపవద్దు. అతుకుల మీద పాత వార్తాపత్రిక పీలికలను ఈ జిగురులో ముంచి రెండు మూడు పొరలు వేసి ఎండబెడితే పెట్టె బిగుసుకుంటుంది. పీలికలను కత్తెరతో కత్తిరించకుండా చేత్తో చింపండి. చింపిన అంచు కాగితంలో కలిసిపోతుంది. ఈ పని మూడేళ్ళ పిల్లలు కూడా ఎంతో శ్రద్ధగా చేస్తారు.

సరుకులకు టీ పొడి డబ్బాలు, సబ్బు పెట్టెలు, టూత్‌పేస్టు పెట్టెలు, పండ్ల రసం వచ్చే పొరల పెట్టెలు పనికి వస్తాయి. లోపల కాగితం కుక్కి మూత అంటిస్తే నలగవు. రమజాన్‌లో పోగుపడే ఖర్జూరం డబ్బాలు మరీ బాగుంటాయి. ఒక్క మాట: ఆ డబ్బాల మీద, ఉర్దూ పత్రికల మీద అల్లాహ్ పేరు, ఆయత్‌లు, పవిత్ర నామాలు అచ్చై ఉంటాయి. ఆట వస్తువు కాళ్ళ కింద పడకుండా ఉండదు. ఆ భాగాన్ని ముందుగానే కోసి మర్యాదగా వేరే ఉంచండి.

దుకాణానికి ప్రాణం తక్కెడ. ఇది కొంచెం ఓపికతో చేయవలసినది. మూరెడు పొడవు అట్టముక్కలు మూడు ఒకే కొలతకు కోసి ఒకదానిపై ఒకటి అంటించి, బరువు పెట్టి ఎండనివ్వండి. నడిమి రంధ్రం సరిగ్గా మధ్యన, కాని వెడల్పులో కొంచెం పై అంచు వైపు ఉండాలి. కింది అంచు వైపు ఉంటే కోల నిలవక తిరగబడుతుంది. రెండు కొసల రంధ్రాలు నడిమి రంధ్రానికి సమాన దూరంలో ఉండాలి. పళ్ళేలుగా ఒకే కొలత గల రెండు మిఠాయి డబ్బా మూతలకు మూడేసి రంధ్రాలు చేసి దారాలు కట్టండి. ఖాళీగా ఉన్నప్పుడు ఒక వైపు వాలితే తేలిన వైపు చిన్న కాగితం ముక్క అంటించి సరిచేయవచ్చు.

అయితే ఖాళీగా సమంగా నిలిచినంత మాత్రాన తక్కెడ నిజాయితీగలది అనుకోవద్దు. దీనిని పిల్లలకు తప్పక చూపించండి. ఒక పళ్ళెంలో సరుకు, రెండవ పళ్ళెంలో ఇసుక నింపి అంటించిన అగ్గిపెట్టె పెట్టి సమంగా తూచండి. ఇప్పుడు ఆ రెండింటినీ అటుదిటు ఇటుదటు మార్చండి. కోల మళ్ళీ సమంగా నిలిస్తే రెండు చేతుల పొడవూ సమానం. వాలితే ఒక చేయి పొడవు, ఒక చేయి పొట్టి. పూర్వం మోసపు తక్కెడలలో కిటుకు ఇదే; ఖాళీగా చూపినప్పుడు ఎంతో ధర్మంగా నిలబడేవి. కొలతలలో, తూనికలలో తగ్గించి ఇచ్చేవారి పేరుతో దివ్య ఖుర్ఆన్‌లో 83వ సూరా ఉన్నదని పిల్లలకు చాలామంది చెబుతారు. ఆ తగ్గింపు ఎలా జరుగుతుందో కంటితో చూసిన పిల్లవానికి ఆ మాట వేరుగా వినిపిస్తుంది.

దుకాణం తెరిచాక పెద్దలు కొనుగోలుదారులుగా వెళ్ళాలి. ఇక్కడే అసలు సంగతులు బయటపడతాయి. పిల్లలు ఆటలో కొత్త మాటలు కల్పించడం తక్కువ, విన్న మాటలు పలకడం ఎక్కువ. దుకాణదారుగా కూర్చున్న ఒక ఆరేళ్ళ అమ్మాయి సొంత తల్లితో, ముందు పాత బాకీ కట్టండి, తరువాత పప్పు అడగండి అన్నది. తల్లి ముఖం చిన్నబోయింది. నిజమైన అంగడిలో ఆ మాట పడిన రోజున పాప ఆమె కొంగు పట్టుకొని నిలబడి ఉన్నదట. ఇటువంటప్పుడు పిల్లను కసరితే ఆట ఆగిపోతుంది, ఆ మాట మాత్రం లోపలే ఉండిపోతుంది. ఆ తల్లి నెమ్మదిగా, ఒకటో తేదీన కడతానమ్మా, ఖాతాలో రాసుకో అన్నది. పాప పాత క్యాలెండరు కాగితం మీద గీతలు గీసి రాసుకొని పప్పు తూచి ఇచ్చింది.

మా మదరసాకు దగ్గరలోని మరొక ఇంటి సంగతి కూడా చెప్పాలి. తండ్రి దమ్మామ్‌లో పనిచేస్తాడు. రెండు నెలల సెలవు మీద వచ్చి తిరిగి వెళ్ళిపోయాడు. కొడుకు కోసం తెచ్చిన రిమోట్ కారు అలమారలో ఉన్నది. అయిదేళ్ళ ఆ పిల్లవాడు సామాను వచ్చిన పెద్ద అట్టపెట్టెను పట్టుకున్నాడు. తండ్రి చేసినట్టే దానికి తాడు చుట్టి, నానీ చేత నాలుగు వైపులా పెద్ద అక్షరాలతో తన పేరు రాయించుకున్నాడు. అందులో కూర్చొని, వెళ్తున్నాను అమ్మీ, ఏడవకు, పండుగకు వస్తాను అనేవాడు. రోజుకు నాలుగుసార్లు వెళ్ళేవాడు, నాలుగుసార్లు వచ్చేవాడు. తల్లికి అది చూడటం కష్టమైంది. ఇంటివారిలో కొందరు అపశకునమన్నారు. పెట్టెను పారవేయమంటారా అని నన్ను అడిగించారు.

శకునాలకు మన ధర్మంలో చోటు లేదు గనుక దాని జోలికి పోలేదు. పెట్టెను ఉంచమన్నాను. తండ్రి ఎప్పుడు రావాలో నిర్ణయించే శక్తి ఆ పిల్లవానికి లేదు. పెట్టెలో మాత్రం తానే నిర్ణయిస్తాడు, సాయంత్రానికే తిరిగి వస్తాడు. వచ్చినప్పుడు ఏమి తెచ్చావని అడగమన్నాను. తల్లి అడిగింది. అతడు ఒక చెంచా తీసి అమ్మీకి నగ అన్నాడు, ఒక సీసా మూత తీసి నానీకి మోకాళ్ళ మందు అన్నాడు, తన చెప్పు ఒకటి తీసి ఇది నాకు అన్నాడు. ఫోనులో ఈ ఆటను చూసిన తండ్రి చాలాసేపు మాట్లాడలేదట. కొన్ని వారాలకు ఎవరూ చెప్పకుండానే ఆ పెట్టె బస్సు అయింది.

జాగ్రత్తల విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. మూడేళ్ళలోపు పిల్లలకు చిన్న ముక్కలు అందరాదు. బొమ్మల పరీక్షలో వాడే గొట్టం వ్యాసం 31.7 మిల్లీమీటర్లు. అందులో ఇమిడిపోయేది ఏదైనా గొంతుకు అడ్డం పడవచ్చునని లెక్క. నీళ్ళ సీసా మూత అందులో ఇమిడిపోతుంది. బండి చక్రాలకు అందరూ మొదట ఏరేది దానినే. చింతగింజలు, గోళీలు, పూసలు కూడా ఈ కోవలోనివే. పాలిథిన్ సంచులు ముఖానికి చుట్టుకుంటాయి, థర్మోకోల్ గుండ్లుగా రాలుతుంది, రేకు డబ్బా అంచు కోస్తుంది, ఇవి వద్దు. పురుగుల మందు, యాసిడ్, ఫినాయిల్ వచ్చిన సీసాలను ఎంత కడిగినా బొమ్మ చేయరాదు. డాక్టరు ఆటకు ఖాళీ మాత్రల పట్టీలు ఇచ్చే అలవాటు చాలా ఇళ్ళలో ఉన్నది. ఖాళీ పట్టీతో ఆడిన బిడ్డ రేపు నానమ్మ దిండు కింద ఉన్న నిండు పట్టీని కూడా ఆటవస్తువే అనుకుంటుంది. గుడ్డతో కట్లు కట్టుకోనివ్వండి, మాత్రలు వద్దు.

పాత బొమ్మల నుండి బ్యాటరీలు తీసేటప్పుడు బొత్తాము వంటి చిన్న బ్యాటరీలను మరింత జాగ్రత్తగా చూడండి. మింగితే రెండు గంటలలోనే అన్నవాహికను కాల్చివేయగలవు. అటువంటి అనుమానం వస్తే తెల్లవారే దాకా వేచి చూడకుండా ఆసుపత్రికి పరుగెత్తవలసినదే. కొనే బొమ్మలకు 2021 జనవరి 1 నుండి మన దేశంలో ఐఎస్ఐ ముద్ర తప్పనిసరి చేశారు. చేతివృత్తుల కళాకారులకు కొన్ని మినహాయింపులు ఉన్నాయి. తిరునాళ్ళలో, ఉరుసులలో రాశులు పోసి అమ్మే ప్లాస్టిక్ బొమ్మలపై ఆ ముద్ర ఉన్నదో లేదో తిప్పి చూసేవారు అరుదు.

దుకాణం చేయడం వచ్చినవారికి మిగతావి కష్టం కాదు. చెప్పుల డబ్బాను బోర్లించి రెండు వలయాలు గీస్తే పొయ్యి. పెద్ద డబ్బా మూతలు మూడు, రెండు ఖాళీ పెన్ను గొట్టాలు ఉంటే లాగే ఆటో. మూత కేంద్రం ఎక్కడున్నదో తెలియక చక్రం గతుకులు పడుతుంది. మూత చుట్టూ కాగితం మీద గీసి, ఆ వృత్తాన్ని కత్తిరించి రెండుసార్లు సగానికి మడిచి విప్పండి, మడతలు కలిసిన చోటే కేంద్రం. ఇంకా కావాలనుకునేవారు అరవింద్ గుప్తా పుస్తకాలు చూడవచ్చు. కాన్పూరు ఐఐటీలో చదివి, అగ్గిపుల్లలతో, పారేసిన వస్తువులతో బొమ్మలు చేసి చూపడమే జీవితకార్యంగా పెట్టుకున్న ఆయనకు 2018లో పద్మశ్రీ లభించింది.

పిల్లలు చేసిన దానిని సరిదిద్దే కోరికను పెద్దలు కొంచెం అదుపులో పెట్టుకోవాలి. దుకాణం పేరు పలకను అందంగా మీరే రాసిపెట్టవద్దు. వంకరగా రాసినా వారినే రాయనివ్వండి. చాలామంది తండ్రులు ఉత్సాహంతో ఆదివారమంతా కూర్చొని రెండంతస్తుల అట్ట భవంతి కట్టి, రంగులు వేసి, చివరకు పాడవుతుందని పిల్లలను తాకనివ్వరు. అటువంటి భవంతులను నేను చాలా చూశాను. వాటిలో ఎవరూ ఆడరు.

అట్ట వస్తువు ఆయువు కొన్ని వారాలు, మహా అయితే ఒక నెల. వానాకాలంలో ఇంకా తక్కువ. గోడకు ఆనించి నేల మీద పెడితే చెద పడుతుంది. ఇటుకల మీద ఉంచండి. చిరిగి కుంగిన తరువాత పిల్లలు నిద్రపోయినప్పుడు చాటుగా పారవేయవద్దు, వారిని అడగండి. తక్కెడను, ఖాతా కాగితాన్ని దాచుకుంటామంటారు, మిగిలినది పొమ్మంటారు. టేపులు ఊడదీసి, పెట్టెను పరిచి చదును చేసి పాత కాగితాల బండివానికి వేయండి. తూచే పని పిల్లలకే అప్పగించండి. అతని కాటాను వారు రెండు వైపులా మార్చి చూస్తామంటే బండివాడు కోపగించుకోకుండా చూసుకోవలసిన బాధ్యత మీది.